ఎలుగుబంటికి లైన్ క్లియర్

మా ఆయనకీ జయరావు అన్నయ్యకీ మాటల్లేకుండా పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. మాటల్లేవంటే బొత్తిగా లేవని కాదు. రోజూ మాట్లాడుకునేవారు, అదీ ఫోన్లో. మా ఆయన రామ్మూర్తి బచేలీలో స్టేషన్ మాస్టరు. అన్నయ్య పక్కనున్న భాన్సీలో మాస్టరు. రెండు స్టేషన్ల మధ్యా ఒంటి లైను. కొండ మీది గని నుంచి ఇనుప రాయి నింపుకుని దిగిన బండి ముందుకు కదలాలంటే ఈయన ఫోనెత్తి లైన్ క్లియర్ అడగాలి, అవతలాయన ఒప్పుకోవాలి. ఒప్పుకున్నందుకు గుర్తుగా ఒక నంబరు చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. ఇద్దరూ ఒప్పుకోకుండా బండి కదిలిందా, ఎదురుగా వచ్చేదాన్ని గుద్దుకుంటుంది. అంచేత రైల్వే ఉప్పు తింటున్నందుకు ఆ నాలుగు మాటలూ తప్పేవి కావు. డ్యూటీ దిగాక మాత్రం, బచేలీ కాలనీలో ఒకే గోడకి ఇటొకటి అటొకటి అంటుకున్న క్వార్టర్లలో, ఒకరి దగ్గు ఒకరికి వినిపిస్తుండగా, ఇద్దరూ మూగనోము పట్టేవారు.

అన్నయ్య నాకు తోడబుట్టినవాడేమీ కాదు. మాది బొబ్బిలి పక్క పల్లె, వాళ్లది సాలూరు. వాళ్లు ఆదివారం చర్చికి వెళ్తారు, మేము శనివారం వెంకన్నకి దీపం పెడతాం. అయినా ఈ కొండల్లోకి వచ్చిన మొదటి రోజే మగాళ్లిద్దరూ బావా అంటే బావా అనుకున్నారు. దాంతో ఆయన నాకు అన్నయ్య, వాళ్లావిడ రత్నం నాకు వదిన అయిపోయారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా కాదనేదాన్ని కాదు.

గొడవంతా ఎలుగుబంటి వల్ల వచ్చింది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు కాలనీ అంచుదాకా వస్తాయి. ఒక తెల్లవారుజామున ఒకటి తిన్నగా ప్లాట్‌ఫారం ఎక్కేసింది. మా ఆయన ఆఫీసు తలుపు గడియ పెట్టి, బల్ల ఎక్కి నిలబడి, భాన్సీకి ఫోన్ చేశారట.

"బావా, ప్లాట్‌ఫారం మీద ఎలుగుబంటి!"

"ఎటెల్తోంది?" అని అడిగాడట అన్నయ్య.

"మీ వైపే."

"అయితే లైన్ క్లియర్ ఇచ్చీసేను, పంపీ."

ఇది వాళ్లిద్దరి మధ్యే ఉండిపోతే బాగుండేది. కానీ ఇద్దరికీ బుర్రకథ పిచ్చి. మా ఆయన భుజాన తంబురా వేసుకుని కథ చెప్పేవారు, అన్నయ్య డక్కీ వాయిస్తూ హాస్యపు వంత. ఆ ఏడు విశ్వకర్మ పూజకి గని ఆఫీసర్లు భార్యలతో సహా ముందు వరసలో కూర్చున్నారు. మా ఆయన యుద్ధ ఘట్టం మంచి రౌద్రంగా చెబుతున్నారు. అన్నయ్య డక్కీ ఆపి, "అంతటి వీరుడా గురూ! మరి మన బచేలీ మాస్టారు ఎలుగుబంటికి లైన్ క్లియర్ అడిగినప్పుడు బల్ల మీదున్నాడా, బల్ల కిందున్నాడా?" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి స్టేషన్లో పట్టాల పాయింట్లు మార్చే హుంగా దగ్గర్నుంచి కూరలమ్మే మంగ్లీ దాకా అందరికీ మా ఆయన భాలూ మాస్టరే. భాలూ అంటే హిందీలో ఎలుగుబంటి.

మా ఆయన సారీ చెప్పమన్నారు. "వంతోడి పని నవ్వించడం. దానికి సారీ ఏటి?" అన్నాడు అన్నయ్య. అంతే, మా ఇంట్లో తంబురా గోడకెక్కింది. రోజూ సాయంత్రం మా ఆయన దాన్ని దించి, తీగలు సవరించి, మళ్లీ మేకుకి తగిలించేవారు. గోడ అవతల డక్కీ ఒక దరువు వేసి ఆగిపోయేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరి కోసం ఒకరు చచ్చిపోతున్నారని గోడకి కూడా తెలుసు, వాళ్లకి తప్ప.

ఇంతలో అన్నయ్యకి కొత్తవలస బదిలీ అయింది. రత్నం వదిన పెరటి గోడ మీంచి ఆ కబురు చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇలాగే ఎల్లిపోతే ఇంక ఈ జన్మకి మాటాడుకోరు వదినా."

నిజమే. కొత్తవలస వెళ్లాక లైన్ క్లియర్ అడిగే అవసరం కూడా ఉండదు. మిగిలిన ఆ ఒక్క దారమూ తెగిపోతుంది. మా ఆయన ఆ పూట కంచం ముందు కూర్చుని, నాలుగు మెతుకులు కెలికి, చెయ్యి కడిగేసుకున్నారు. ఈయన్ని నేను ఇలా మిగిలిన సర్వీసంతా చూడాలా అనిపించి నాకు భయం వేసింది. వాళ్లు వెళ్లేలోగా ఇద్దరి చేతా మాట్లాడించాలి, అంతకన్నా నాకింకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

నేను రైల్వే హెల్త్ యూనిట్లో సిస్టర్‌ని. పిల్లల చేతుల్లో సూదులు గుచ్చి వాళ్ల తల్లుల చేత తిట్లు తినడం నా ఉద్యోగం. వచ్చే ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో తట్టు టీకా క్యాంపు పెట్టాం. "ఓసారి పొడిచారు కదా, మళ్లీ ఎందుకు?" అని అందరూ సణుగుతున్నారు. సూది వేస్తే ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతూ ఒక బుర్రకథ ఆడిస్తే బాగుంటుందేమో అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఆయన నోట్లోంచి పూర్తిగా రాకముందే నా బుర్ర పరుగు మొదలుపెట్టింది.

"మీరు టి కణం" అన్నాను ఇంటికొచ్చి మా ఆయనతో.

"అదేటి?"

"మన రక్తంలో కాపలా కాసే కణాల్లో ఒక రకం. ఇంకో రకం బి కణం. బి కణం ఏం చేస్తుందంటే, రోగం క్రిమి చేజిక్కితే దాన్ని మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కని పళ్లెంలో పెట్టినట్టు తన ఒంటి మీద పెట్టుకుని చూపిస్తుంది. క్రిమిని పట్టి బంధించే యాంటీబాడీలు తయారుచేసేది అదే. కానీ ఇలాంటి క్రిమి వచ్చినప్పుడు తనంతట తాను పూర్తిగా రంగంలోకి దిగదు. టి కణం వచ్చి ఆ ముక్కని చూడాలి. ఆ టి కణానికి అదే ముక్కని ఇంకో కాపలా కణం ముందే చూపించి ఉండాలి. రెండూ ఒకటేనని తేలితే టి కణం బి కణాన్ని ఆనుకుని సరే అంటుంది. అప్పుడు బి కణం ఒకటి పది, పది వంద అయి యాంటీబాడీలు కుమ్మరిస్తుంది."

"అంత తతంగం దేనికి? పట్టుకున్నోడే కొట్టీవచ్చు కదా."

"ఒక్కడి మాట మీద వదిలేస్తే, వాడు పొరబడి మన ఒంటినే శత్రువనుకుంటే?"

మా ఆయన బుగ్గ గోక్కుంటూ ఆలోచించారు. "లైన్ క్లియర్" అన్నారు.

"అదే మరి."

"బాగుంది. బి కణం ఎవరు?"

నేను కూరలో ఉప్పు చూస్తున్నట్టు నటించాను. "జయరావు అన్నయ్య."

ఆయన లేచి వెళ్లిపోయారు. నేను వదల్లేదు. భాలూ మాస్టరు మళ్లీ భయపడ్డాడని జనం అనుకుంటే నన్ననవద్దన్నాను. కాసేపటికి తంబురా మీటుతున్న చప్పుడు వినిపించింది. ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. "నాను ఈ చివర నిలబడతాను, అతగాడు ఆ చివర. నా మొహం జనం వైపే ఉంటాది. అతగాడితో మాటాడను." గోడ అవతల అన్నయ్య కూడా వదినకి అక్షరాలా అదే షరతు పెట్టాడని సాయంత్రానికి తెలిసింది. మాట్లాడుకోకుండానే ఇంత ఏకాభిప్రాయానికి వచ్చేవాళ్లని నేనెక్కడా చూడలేదు.

"అలా కుదరదండీ" అన్నాను. "సూది వేశాక చంకలో బిళ్ల కడుతుందే, అక్కడే అవి రెండూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి తాకాలి. దూరం నుంచి కేకేస్తే బి కణానికి సాయం అందదు."

"ఫోన్లో కూడా కుదరదా?"

"కుదరదు."

"అయితే ఒంటి కన్నా రైల్వేయే నయం" అన్నారు మా ఆయన, తంబురా తీగ బిగిస్తూ.

ఎవరింట్లో వాళ్లు రిహార్సలు చేసుకున్నారు. మా ఆయన ఇక్కడ చరణం ఎత్తుకుంటే అక్కడ డక్కీ సరిగ్గా దరువు మీద పడేది. నేను వంటింట్లో నవ్వుకునేదాన్ని. తట్టు క్రిమి వేషం మా యూనిట్లో ఆయా సోమికి ఇచ్చాను. కొండ కింద గోండు పల్లె నుంచి వస్తుంది. ఇంట్లో గోండీ, సంతలో హల్బీ, డాక్టరు గారితో హిందీ, నాతో ఈ మూడూ కలిపిన తెలుగు మాట్లాడుతుంది. భయమంటే ఏమిటో తెలియదు. తెల్ల చీర కట్టుకుని దాని మీద ఎర్ర చుక్కలు పెట్టుకురమ్మని చెప్పాను. తలూపింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. రైల్వే వాళ్లం, గని వాళ్లు, సంతకి వచ్చి దారిలో ఆగిన పల్లె జనం. కిటికీల్లో పిల్లలు వేలాడుతున్నారు. వేదిక మీద ఈ చివర ఎర్ర తలపాగాతో మా ఆయన, ఆ చివర అదే తలపాగాతో అన్నయ్య. ఇద్దరి మధ్యా ఎద్దుల బండి తిప్పుకునేంత ఖాళీ. రత్నం వదిన వేదిక పక్కన నాతో నిలబడి నా చెయ్యి నలిపేస్తోంది.

మా ఆయన అందెలు మోగించి మొదలుపెట్టారు.

"చంకలో బిళ్ల కట్టిందంటే చింతపడొద్దండీ, లోపల సంత కూడిందండీ!"

"తందాన తాన!" అన్నాడు అన్నయ్య, జనం వైపు చూస్తూ.

"టి కణమొచ్చె, బి కణమొచ్చె, సరుకు చూపిందండీ!"

"తాన తందాన!"

ఏడాది తర్వాత ఆ రెండు గొంతులూ కలిసేసరికి నా గుండె నీరైపోయింది. జనం చప్పట్లు కొట్టారు. గోండీ తప్ప ఏమీ రాని ముసలమ్మలు కూడా దరువుకి తలలూపుతున్నారు. అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటుండగా తట్టు క్రిమి ప్రవేశించింది.

తెల్ల చీర లేదు, ఎర్ర చుక్కలు లేవు. సోమి నెత్తి నుంచి పాదాల దాకా నల్ల గొంగళి కప్పుకుని, నాలుగు కాళ్ల మీద ఊగుతూ, గుర్రుమంటూ వచ్చింది.

"భాలూ! భాలూ!" అని పిల్లలు కిటికీలు అదిరేలా అరిచారు.

నా ప్రాణం పైకే పోయింది. పక్కకి రాగానే దాని చెవి పట్టుకుని, "నీకేం చెప్పానే?" అన్నాను.

"ఈ ఎర్ర దుమ్ములో సఫేద్ చీర ఎక్కడ దీదీ? పిల్లలకి డర్ రావాల కదా? చుక్కలకి ఎవరు డరతారు?" అని మళ్లీ ఊగుతూ వెళ్లిపోయింది. కొండ కింద పుట్టినదానికి భయంకరమైనదంటే ఎలుగుబంటే. అందులో దాని తప్పేమీ లేదు. ఏడాదిగా మా రెండిళ్లనీ విడదీసిన జంతువుని తెచ్చి సరిగ్గా ఆ ఖాళీలో నిలబెట్టానని దానికేం తెలుసు?

మా ఆయన మొహం తలపాగా కన్నా ఎర్రగా అయింది. కాపలా కణం వేషంలో ఉన్న హుంగా గొంగళి నుంచి ఒక పోగు పీకి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నారాయన. ఆ చివర అన్నయ్య కూడా ఎలుగుబంటిని ఒడిసిపట్టి, ఒక పోగు తెంపి, స్టీలు పళ్లెంలో పెట్టుకుని నిలబడ్డాడు.

"బి కణాన్ని నేనండీ, ముక్క చూపిస్తున్నానండీ! టి కణమెవరండీ, వచ్చి చూడండీ!"

ఇప్పుడు మా ఆయన వెళ్లాలి. కదల్లేదు. అన్నయ్య మళ్లీ పాడాడు. మా ఆయన జనం వైపు చూస్తూ రాయిలా నిలబడ్డారు. ఎవరూ ఏమీ చెయ్యకపోయేసరికి సోమికి అడ్డు లేకుండా పోయింది. ముందు వరసలో ఒకావిడ ఒళ్లోంచి వేరుశెనక్కాయలు తీసుకుని తింది. డాక్టరు గారి కుర్చీలో కూర్చుంది. ఒక చంటివాడి బుగ్గ గిల్లింది. జనం నవ్వుతున్నారు గానీ నాకు ఏడుపొస్తోంది. అంతా అయిపోయింది, వీళ్లు ఇలాగే విడిపోతారు అనుకున్నాను.

అప్పుడు అన్నయ్య, ఇంక దారి తోచకో, అలవాటు కొద్దీనో, డక్కీ చంకలో పెట్టుకుని పిడికిలి చెవికి ఆన్చాడు.

"బచేలీ, బచేలీ! భాన్సీ."

మా ఆయన చెయ్యి దానంతట అదే చెవి దగ్గరికి లేచింది. ఇన్నేళ్ల ఉద్యోగం మరి, ఒంట్లో ఇంకిపోయింది.

"బచేలీ. చెప్పు."

హాలంతా గొల్లుమంది. మా ఆయన ఉలిక్కిపడ్డారు గానీ చెయ్యి దించలేదు.

"ఒక బండి ఆపాలి. ఆపడానికి నీ లైన్ క్లియర్ కావాలి" అన్నాడు అన్నయ్య.

"ఏం బండి?"

కిటికీల్లో పిల్లలు కూడా ముందుకి వంగారు. అందరికీ విశ్వకర్మ పూజ గుర్తొచ్చింది. జవాబు అన్నయ్య నాలుక చివరిదాకా వచ్చింది, నేను చూశాను. అంతకన్నా పెద్ద నవ్వు ఏ వంతవాడికీ జీవితంలో దొరకదు. పళ్లెంలోని నల్ల పోగు వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు. ఆ మాట మింగేశాడు.

"నువ్వే వచ్చి చూసి చెప్పు బావా" అన్నాడు, మెల్లిగా.

నేనింక ఆగలేకపోయాను. "ఫోన్లో కుదరదని చెప్పానా లేదా!" అని పక్కనుంచి అరిచాను.

మా ఆయన చెయ్యి దించారు. ఆ ఖాళీ మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లారు. అన్నయ్య ఎదురుగా నిలబడి తన చేతిలో పోగుని పళ్లెంలో పోగు పక్కన పెట్టారు. రెండూ ఒకే గొంగళివి. వాటిని చూస్తూ ఆయన భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. ఆయన నవ్వుతున్నారు. తంబురా ఝుమ్మని మీటి, ఇన్‌స్టిట్యూట్ రేకులు ఎగిరిపోయేలా అందుకున్నారు.

"ఎరుగుదునండీ, ఎరుగుదునండీ, దీన్ని నేనెరుగుదునండీ! దీన్ని చూసి బల్లెక్కిన మాస్టరు నేనేనండీ! ఈసారి దిగొచ్చానండీ! కొట్టు బావా, నీకు లైన్ క్లియర్! ప్రైవేట్ నంబర్ నలభై ఏడు!"

అన్నయ్య భుజం గట్టిగా పట్టుకున్నారు. టి కణం బి కణాన్ని పట్టుకోవాల్సింది అలాగేనని నేను చెప్పలేదు, ఆయనకే తెలిసింది. అన్నయ్య డక్కీ వాయించబోయి వాయించలేక, "సారీ బావా" అన్నాడు. మైకు లేకపోయినా అది వెనక వరస దాకా వినిపించింది. ఆ తర్వాత ఎవరు ఏం పాడారో నాకు తెలియదు. నేనూ వదినా ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుస్తున్నాం.

తెర వెనక నుంచి కాలనీ పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. అందరికీ అన్నయ్యలాంటి ఎర్ర తలపాగాలే, ఎందుకంటే ఒక బి కణం వందయింది మరి. చేతుల్లో పంగల కర్రలు. అవి యాంటీబాడీలు. సోమిని చుట్టుముట్టి ఎక్కడికక్కడ పంగల్లో ఇరికించి కదలకుండా చేశారు. సోమి ఒక పట్టాన చావలేదు. మూడుసార్లు లేచి, మిగిలిన వేరుశెనక్కాయలు కూడా తిని, అప్పుడు పడింది. ఇద్దరు పిల్లలు మాత్రం తలపాగాలు తియ్యకుండా వేదిక మూల కూర్చుండిపోయారు.

"మీరెందుకు పోలేదర్రా?" అన్నారు మా ఆయన.

"మేము జ్ఞాపకం పెట్టుకునే కణాలం! అది మళ్లీ వస్తే ఈసారి ఆలస్యం చెయ్యం!"

"మరి రెండో సూది ఎందుకండీ?" అని అన్నయ్య వంత కలిపాడు.

"కొందరి ఒంట్లో మొదటి సూదికి ఈ సంత సరిగ్గా కూడదు బావా. వాళ్లకి రెండోసారి కూడాలి. మాటలు ఒకసారి కలవకపోతే ఇంకోసారి కలపాలి కదా" అన్నారు మా ఆయన. ఆ ముక్క నేను రాసి ఇచ్చింది కాదు.

ఆ మధ్యాహ్నం సూదుల కోసం వరస గుమ్మం దాటి మామిడిచెట్టు దాకా వెళ్లింది. ఒక్క తల్లి కూడా నన్ను తిట్టలేదు. అది మాత్రం నాకు వింతగానే అనిపించింది.

మిగిలిన రోజులు మా రెండిళ్లలో ఒకే పొయ్యి వెలిగింది. సామాన్లు కట్టాల్సిన మగాళ్లు తంబురా, డక్కీ పట్టుకుని కూర్చుంటే, తాళ్లు బిగించింది నేనూ వదినా. తిట్టుకుంటూనే బిగించాం గానీ ఆ తిట్ల రుచి వేరు.

ప్రయాణం రోజు పొద్దున్న మా ఆయనే డ్యూటీలో ఉన్నారు. విశాఖపట్నం పాసింజరు వచ్చి నిలబడింది. వదినా పిల్లలూ ఎక్కారు. అన్నయ్య నాతో పాటు ఆఫీసులోకి వచ్చి మా ఆయన బల్ల పక్కన నిలబడ్డాడు. భాన్సీని లైన్ క్లియర్ అడగాలి. మా ఆయన ఫోన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు.

"అడుగు బావా. బండి లేటవుతాది" అన్నాడు అన్నయ్య.

"ఈ బండికి అడగాలని లేదు" అన్నారు మా ఆయన.

అన్నయ్య నవ్వి, ఆయన చేతి మీద చెయ్యి వేసి, ఫోన్ తనే ఎత్తించాడు. భాన్సీలో కొత్త మాస్టరు నంబరు చెప్పాడు. బండి కదిలింది. మా ఆయన పచ్చ జెండా పట్టుకుని, ఆఖరి పెట్టె మలుపు తిరిగాక కూడా ఊపుతూనే ఉన్నారు. హుంగా వచ్చి జెండా చేతిలోంచి తీసుకున్నాడు.

నేనూ ఆయనా ఆఫీసులోకి వచ్చి కూర్చున్నాం. గోడ అవతల నుంచి ఇంక దరువు వినిపించదనే నేను ఆలోచిస్తున్నాను. ఆయనా అదే ఆలోచిస్తున్నట్టున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. బండి చేరితే అవతలి మాస్టరు చెప్పాలి, అది రూలు.

"బచేలీ" అన్నారు మా ఆయన నీరసంగా.

"భాన్సీ." కొత్త మాస్టరు గొంతు కాదది. నాకు కూడా స్పష్టంగా వినిపించింది. "నీ బండి చేరింది బావా. ఎలుగుబంటి కూడా చేమంగా చేరింది."

అక్కడ ఆగిన కాస్త సేపట్లో దిగి, పరుగెత్తి, తన పాత కుర్చీలో కూర్చుని ఫోన్ చేశాడన్నమాట. మా ఆయన నవ్వుతున్నారు, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

"నంబరు చెప్పు" అన్నారు.

"నలభై ఏడు."

"ఓసారి వాడీసిన నంబరు మళ్లీ చెల్లదు. రూలు తెలీదేటి నీకు?"

"మనిద్దరికీ చెల్లుతాది" అన్నాడు అన్నయ్య.

అవతల గార్డు విజిల్ వేశాడు. అన్నయ్య పరుగెత్తిన చప్పుడు కూడా వినిపించింది. మా ఆయన ఫోన్ పెట్టకుండా, భాన్సీ నుంచి బండి కదిలి వెళ్లేదాకా అలాగే చెవికి ఆన్చుకుని కూర్చున్నారు.